పండుగప్పను సాక్ష్యానికి పిలిస్తే

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఆకివీడు దగ్గర పల్లె. చేపలు, రొయ్యల చెరువులు చేస్తాం. మా అక్క కొడుకు సంక్రాంతికి ఇంటికొచ్చి "నేను అబ్బాయిని కాదు, అమ్మాయిని" అన్నాడు. వయసు ఇరవై రెండు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. డిగ్రీ చదివే మా అమ్మాయి "పండుగప్ప చేప మగగా ఉండి ఆడగా మారట్లేదా, ఇదీ అంతే" అంటుంది. మా బావ "నీలకంఠ రొయ్యలో మగది మగదే, ఆడది ఆడదే, ఏరి అమ్ముకోవట్లేదా" అని కేకలేస్తున్నాడు. రక్తపరీక్ష చేయించి తేల్చేస్తానంటున్నాడు. మీరు జువాలజీ పాఠాలు చెప్పినవారు కదా, ఎవరిది కరెక్టండీ?
– ఒక రైతు

జవాబు: ముందు చేపల సంగతి చెప్పేస్తాను, అది నాకిష్టం కాబట్టి. మీ అమ్మాయి చెప్పింది నిజమే. పండుగప్పల్లో ఎక్కువ భాగం మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. మీరు అంతకాలం ఉంచకుండా పట్టేస్తారు గనుక ఆ మార్పు మీ కంటబడదు. బావగారు మాత్రం నీలకంఠ జోలికి వెళ్లకుండా ఉండాల్సింది. వాటిలో మగవే బాగా పెరుగుతాయి కదా, అందుకని సీడంతా (చెరువులో వేసే పిల్లలన్నీ) మగదే కావాలని శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. చిన్న మగ రొయ్యలో మగ లక్షణాలనిచ్చే ఆండ్రోజెనిక్ గ్రంథిని తీసేసి, దాన్ని గుడ్లు పెట్టే ఆడదిగా మార్చారు. అది మామూలు మగదానితో కలిస్తే పుట్టేవన్నీ మగవే. వనామీ రొయ్యకొస్తే లెక్క తిరగబడుతుంది, అక్కడ ఆడదే పెద్దది. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలోనైతే ఆడా మగా తేల్చేది ఇసుక వేడి. వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి.

ఇంత చెప్పాక, ఇందులో ఒక్కటీ మీ ఇంటి గొడవకు పనికిరాదండీ. మనం పండుగప్పలం కాము. మనలో ఆడ శరీరం, మగ శరీరం వేరు, అది ఎవరి కల్పనా కాదు. హార్మోన్లు, ఆపరేషన్లు రూపాన్ని చాలా మార్చగలవు గానీ క్రోమోజోముల్ని మార్చలేవు. అయితే ఆ పిల్ల తన క్రోమోజోములు మారాయని ఎప్పుడందండీ? తాను ఎవరో తనకెలా అనిపిస్తోందో అది చెప్పింది. రక్తపరీక్షలో బహుశా ఎక్స్‌వై, అంటే మగ క్రోమోజోములు అనే వస్తుంది, బావగారు "చూశావా" అంటారు, మర్నాడు ఆ పిల్ల మళ్లీ అదే మాట చెబుతుంది. డబ్బు దండగ.

"మందులిచ్చి మార్చే" డాక్టరు కోసం కూడా వెతకొద్దని బావగారికి చెప్పండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన కొత్త రోగాల జాబితా ఐసీడీ-11లో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచి తీసేసింది. తాము ఆడో మగో మరొకరో ఎవరికి వారే చెప్పుకునే హక్కుందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో తీర్పిచ్చింది. ఇక పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్న ఆలోచన అస్సలొద్దు. వేరే ఇంటి పిల్ల గొంతు కోయడమే అది.

నాకున్న భయం ఇంకోటి. ఇంట్లో తలుపులు మూస్తే ఇలాంటి పిల్లలు హార్మోన్ మాత్రలు సొంతంగా కొనుక్కుని మింగుతారు. అది ప్రమాదం. సైకియాట్రిస్టు, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకు వెళ్లాలనుకుంటే మీరు తోడు వెళ్లండి. మేనమామ మాటకు మనవైపు ఇంకా విలువుంది. ఏ పేరుతో పిలవమంటుందో కూడా అడగండి, అది అడగడానికి బావగారి పర్మిషన్ అక్కర్లేదు.

ప్రశ్న: దుతీ చంద్ ట్రాన్స్‌జెండరా? మా కాలేజీలో పందెం వేసుకున్నాం.
– విద్యార్థిని, అమలాపురం

జవాబు: కాదమ్మా. ఆడపిల్లగా పుట్టి పెరిగిన స్ప్రింటర్. ఒంట్లో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని 2014లో పోటీలకు దూరం పెట్టారు. ఆమె క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకెళ్లి, 2015 జులైలో ఆ నిబంధనను నిలిపివేయించి, మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది. ట్రాన్స్‌జెండర్ మహిళల సంగతి వేరు. మగవారిగా యుక్తవయసు దాటినవారిని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023లో మహిళల పోటీల నుంచి తప్పించింది. ఆ నిర్ణయం నాకు సబబుగానే తోస్తుంది, పరుగులో ఎముక, కండ, గుండె అన్నీ లెక్కకొస్తాయి కాబట్టి. ఈ మాటకు నన్ను తిట్టేవాళ్లూ ఉన్నారు, తిట్టనీ. మీ పందెంలో మాత్రం "అవును" అన్నవాళ్లు ఓడిపోయారు.