మొదటి జీతం పడిందటగా, ఇక మొహమాటం తగ్గించుకో

ఒరేయ్ చిన్నా,

జీతం పడిందని మీ నాన్న ఫోన్ చేశాడు, చెప్పటం అంటే వీధంతా వినపడేట్టు చెప్పాడు, కాబట్టి నీ జీతం ఎంతో ఈపాటికి మన చుట్టాల్లో పదిమందికి తెలుసు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ వారంలోనే "ఏరా, మమ్మల్ని మర్చిపోయావా" అని మొదలెడతారు చూడు. అందుకే రాస్తున్నా. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నా, మనోళ్ళకి ఖర్చుల కంటే మొహమాటానికే ఎక్కువ డబ్బులు పోతాయని నా లెక్క. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉందిగా, పూర్తిగా రాస్తే మీ పిన్ని ఫోన్ లాక్కుంటుంది, పక్కనే ఉంది.

చేబదులు అడిగేవాడు "ఫస్టుకి ఇచ్చేస్తా మామా" అంటాడు, ఏ నెల ఫస్టో చెప్పడు. ఇవ్వొద్దనట్లా, తిరిగి రాకపోయినా నీకు నిద్ర పట్టేంత ఇవ్వు చాలు. నేను 1994లో ఒకాయనకి 2 వేలిచ్చా, ఇప్పటికీ నన్ను చూస్తే గబగబా రోడ్డు దాటేస్తాడు, ఈ వయసులో ఆ ట్రాఫిక్‌లో ఏమవుద్దోనని నేనే ముందు సందులోకి తిరిగిపోతున్నా.

హామీ సంతకం మాత్రం అసలు పెట్టకు. "ఊరికే ఫార్మాలిటీ అన్నా" అంటారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 128వ సెక్షన్ ఉంది, అప్పు తీసుకున్నోడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నోడికీ అంతే. రోజూ కౌంటర్లో జనానికి ఈ మాట చెప్పే నేనే, మా ఆఫీసులో ఒకడు టీ ఇప్పించాడని సంతకం పెట్టేశా, ఆ టీ డబ్బులు పద్నాలుగు నెలలు నా జీతంలో కట్ అయినయ్.

క్రెడిట్ కార్డు కుర్రాడు సార్ సార్ అన్నాడని తీసుకోకు. తీసుకున్నా బిల్లు మొత్తం కట్టు. 20 వేల బిల్లుకి మినిమమ్ డ్యూ వెయ్యి అని ఎంతో మర్యాదగా పంపిస్తారు, నువ్వేమో మిగతాది మాఫీ అయినంత సంబరపడి అది కడతావు, అక్కడ కొన్న రోజు నుంచీ వడ్డీ నడుస్తూ ఉంటుంది, చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం అటూ ఇటుగా, అంటే మన ఊరి లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, పైన ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. ఊళ్ళో ఎవడన్నా మూడు రూపాయల వడ్డీ అంటే మీ తాత తిట్టి పంపించేవాడు, నువ్వేమో ఏసీలో కూర్చుని కడతావు.

ఇక బంగారం షాపులో ఎలా ఉండాలో మీ పిన్నిని చూసి నేర్చుకో. వాళ్ళు కూల్‌డ్రింక్ ఇచ్చేదే మనకి నోరు లేవకుండా. ఈవిడ అది తాగి, ఇంకోటి అడిగి, అప్పుడు మొదలెడుతుంది. రాళ్ళ బరువు తీసి తూకం వేశారా, తరుగు ఎంత, మజూరీ ఎంత అని. 3 శాతం జీఎస్టీ తగ్గదు, తరుగు తగ్గుద్ది. 10 గ్రాముల గొలుసుకి 14 శాతం తరుగంటే 1.4 గ్రాముల బంగారానికి డబ్బులు కట్టి ఆ బంగారం అక్కడే వదిలేసి రావటం. పోయినసారి 9కి దించింది, నేను సిగ్గుతో బయట చెప్పుల దగ్గర నిలబడ్డా.

లేవు అని చెప్పటం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఇరవై ఏళ్ళు నాకు "చేతిలో పైసా లేదండీ" అనే చెప్పింది. 2016 నవంబర్ 8 రాత్రి టీవీలో 500, 1000 నోట్లు చెల్లవనగానే వంటింట్లోకెళ్ళి బియ్యం డబ్బాలోంచి 23 వేలు తీసుకొచ్చి నా ముందు పెట్టింది, క్యూలో నిలబడి మార్చింది నేనే. నువ్వు కూడా జీతం పడిన మర్నాడే ఆర్డీకి, అదే బ్యాంకులో నెలనెలా కొంత దాచే డిపాజిట్‌కి, కట్ అయ్యేట్టు పెట్టుకో, ఎవడన్నా అడిగితే లేవని నిజమే చెప్పినట్టుంటుంది.

యూపీఐలో డబ్బులు రావటానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నోడు దొంగ. ఇంతే.

అన్నట్టు, హాస్టల్ అడ్వాన్స్‌కని మీ పిన్ని దగ్గర తీసుకున్న 3 వేలు ఉన్నాయిగా. నాకు అడగాలంటే మొహమాటం. ఆవిడ ఆదివారం ఫోన్ చేస్తానంది.

మీ బాబాయ్