పల్లేడియంలో హైడ్రోజన్ నింపి ఇంట్లో కరెంటు తీయొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి ఈ ప్రశ్న అడిగారు. అలాంటి వీడియోలు చూశారట.

హైడ్రోజన్ నింపడం వరకు నిజమే. పల్లేడియం అనే లోహం తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్ల హైడ్రోజన్ వాయువును పీల్చుకోగలదు. వాయువు లోహం పైపొర మీద విడివిడి పరమాణువులుగా చీలి, లోపలి సందుల్లోకి దూరుతుంది. లోహం కాస్త ఉబ్బుతుంది కూడా.

1989 మార్చి 23న అమెరికాలోని యూటాలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే శాస్త్రవేత్తలు భారజలంలో (బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీటిలో) పల్లేడియం ఉంచి కరెంటు పంపితే లెక్కకు మించిన వేడి వచ్చిందని, అది ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలు కలిసిపోవడం) వల్లేనని ప్రకటించారు. మన ట్రాంబేలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లోనూ అప్పట్లో ప్రయోగాలు చేసి, ఫ్యూజన్‌కు గుర్తుగా ట్రిటియం అనే బరువైన రకం హైడ్రోజన్ కనిపించిందన్నారు. కానీ చాలా ల్యాబుల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. నా దృష్టిలో అసలు చిక్కు అదే. 2019లో గూగుల్ సాయంతో జరిగిన పరిశోధనకూ ఆధారం దొరకలేదు. కాబట్టి కరెంటు మాట నమ్మకండి.

లోహంలో హైడ్రోజన్ దాచడం మాత్రం పనికొచ్చే విద్యే. లాంథనం, నికెల్ కలిసిన మిశ్రలోహం ఆ పని చేస్తుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలకు ఆధారం అదే. మీ పక్క గంజాం జిల్లా ఛత్రపురం తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో లాంథనం ఉంటుంది. ప్రాజెక్టుకి లోహంలో హైడ్రోజన్ దాచే ఈ అంశం తీసుకోండి. హైడ్రోజన్‌తో ఇంట్లో ప్రయోగాలు మాత్రం వద్దు: గాలిలో 4 శాతం కలిసినా నిప్పురవ్వకు అంటుకుంటుంది.