తాళం తిప్పగానే ముల్లు ఎర్రగీతకు చేరితే ముందుగా వైరును చూడండి

మీ పాత లారీలో తాళం తిప్పిన వెంటనే, ఇంజన్ స్టార్ట్ కాకముందే, టెంపరేచర్ మీటర్ ముల్లు ఎర్రగీత మీదికి పోతోందని, మెకానిక్ రేడియేటర్ విప్పాలంటున్నాడని రాశారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ క్షణంలో కాగడం జరగని పని కనుక, రేడియేటర్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి.

మిర్యాలగూడ మిల్లుల నుంచి హైదరాబాదుకు బియ్యం తోలే రోజుల్లో నా లారీకీ ఇదే వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని తేల్చేశాడు. నాకు నమ్మకం కుదరక, ఇంజన్ వేడిని మీటర్‌కు తెలిపే సెన్సార్ వైరు ఊడదీసి చూస్తే ముల్లు దిగలేదు. సెన్సార్‌తో సంబంధం తెగినా ముల్లు పైనే నిలిచిందంటే, వైరు మధ్యలో ఎక్కడో ఇనుముకు తగులుతోందన్నమాట. వెతకగా, క్యాబిన్ నుంచి కిందికి దిగేచోట క్లిప్పు ఊడి, పైతొడుగు అరిగి, రాగి తీగ ఛాసిస్‌కు రాసుకుంటూ కనిపించింది. జానెడు వైరుతో పని ముగిసింది.

ఒంటి వైరు సెన్సార్‌లో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గి, బాడీలోకి ఎక్కువ కరెంటు పోతుంది. ముల్లు లేచేది అందుకే. కాబట్టి వైరు ఊడదీసినప్పుడు ముల్లు చల్లని వైపుకు పడిపోతే, సెన్సారే లోపల షార్ట్ అయిందని అనుకోవచ్చు. ముల్లు అసలు లేవని బండిలోనైతే ఆ వైరు కొసను బాడీకి ఒక్క క్షణం తాకించి చూడాలి; ముల్లు లేస్తే వైరూ మీటరూ బాగున్నట్టే. ఎక్కువసేపు పట్టుకుంటే మీటరే పాడవుతుంది. మీటర్‌కు వైరు బదులు సన్నని రాగి గొట్టం వచ్చే మరీ పాత బండ్లకు ఈ పరీక్షలు పనికిరావు.

సెన్సార్ మార్చవలసి వస్తే నేను చేసిన తప్పు చేయకండి. నీరు కారకూడదని సెన్సార్ బిగించే మరచుట్లకు తెల్ల టేపు మందంగా చుట్టాను. ఆ సెన్సార్‌కు ఎర్త్ అందేది మర ద్వారానే కనుక ముల్లు కదలడం మానేసింది, కొత్త సరుకే చెడ్డదని దుకాణదారుతో అనవసరంగా గొడవపడ్డాను.

మీటర్ బాగయ్యేదాకా రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, మూత తీసి నీళ్ల మట్టం చూసుకోండి. వైరు ఊడదీసినప్పుడు ముల్లు దిగిందో లేదో రాస్తే, తర్వాత ఎక్కడ వెతకాలో చెప్పగలను.