గోడలకు అంటించిన అకూస్టిక్ ఫోమ్‌ను (ధ్వనిని పీల్చుకునే స్పాంజి పలకలను) నీళ్లతో కడగవచ్చా?

కడగకూడదు, మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పెట్టి, పైపైన దుమ్ము లాగేస్తే చాలు. ఈ ఫోమ్ సాధారణంగా పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ స్పాంజి. దాని సన్నటి రంధ్రాల్లో గాలి కదులుతూ రాపిడికి లోనవడం వల్లే ధ్వని శక్తి కొద్దిపాటి వేడిగా మారి అణగిపోతుంది. నీళ్లు పోస్తే లోపలి తడి ఒక పట్టాన ఆరదు, సబ్బు రంధ్రాల్లో పేరుకుంటుంది, వెనుక జిగురు పట్టు వదులుతుంది.

ఉదాహరణకు తిరుపతిలో అన్నమయ్య కీర్తనలు రికార్డు చేసుకునే చిన్న గది ఉందనుకుందాం. వేసవిలో దుమ్ము తప్ప పెద్ద బెడద లేదు. అసలు చిక్కు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో: తడి నిలిచిన ఫోమ్‌కు బూజు పడుతుంది. మరక ఉంటే, గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ఆరబెట్టేది ఫ్యాను గాలికే, ఎండలో కాదు.

చాలామంది ఫోమ్‌కు వచ్చే పసుపు రంగును మురికి అనుకుని బ్లీచింగ్‌తో తోముతారు. అది మురికి కాదు, వెలుతురు తగిలి పాలియురెథేన్‌లో వచ్చే మార్పు. ఎంత తోమినా పోదు. రంగు మారినంత మాత్రాన ధ్వనిని పీల్చే గుణం పోదు కూడా. వేలితో నొక్కితే ఫోమ్ పొడి పొడిగా రాలుతుంటే మాత్రం మార్చేయాల్సిందే.