పేరులో నానో ఉన్న డిగ్రీ వద్దు, కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ చేయించండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల సాగు. మా పాప బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. కార్బన్ పూత వేసిన అయస్కాంత నానోకణాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఎమ్మెస్సీ నానోటెక్నాలజీలో చేర్చమంటారా? బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు.

జవాబు: పాప ఎంచుకున్నది గట్టి సబ్జెక్టేనండీ. ఇనుమును నానోమీటర్ల సైజుకు తెస్తే గాలి తగలగానే ఆక్సైడ్ అయిపోతుంది, ఒక్కోసారి భగ్గున అంటుకుంటుంది కూడా. చుట్టూ గ్రాఫైట్ (కార్బన్) పొరలు కప్పితే లోపలి లోహం నిలుస్తుంది. శుద్ధమైన ఇనుము అయస్కాంతీకరణ గ్రాముకు 218 ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) దాకా ఉంటే, ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్నటైట్‌ది 92 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఈ పూత కోసం ఇంత తాపత్రయం.

ల్యాబులో పని ఎలా ఉంటుందో మీకూ తెలియాలి. చేసిన నల్లపొడిని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెడతారు. బుడగలు లేచి యాసిడ్ లేతాకుపచ్చకు తిరిగిందంటే పూత సరిగా పడని కణాలున్నట్టే. మిగిలిన పొడిని సీసా పక్కన అయస్కాంతం పెట్టి గోడకు లాగి, కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష)కి, టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)కి పంపుతారు. వారాల కష్టం ఆ యాసిడ్‌లోనే కరిగిపోవచ్చు. మళ్లీ మొదలుపెట్టే ఓపిక పాపకు ఉందా? ఎమ్మెస్సీ సెలవుల్లో హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధనా సంస్థ) లాంటి చోట ప్రాజెక్టుకు ప్రయత్నిస్తే అది తనకే తెలుస్తుంది.

నానోటెక్నాలజీ ఎమ్మెస్సీ మాత్రం వద్దు. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌ పరీక్షలో ఆ పేరుతో పేపరే లేదు. లెక్చరర్ పోస్టులు పడేదీ కెమిస్ట్రీకి, ఫిజిక్స్‌కే. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తే పీహెచ్‌డీలో నానోకణాల వైపు వెళ్లొచ్చు, మనసు మారితే ఫార్మా వైపూ వెళ్లొచ్చు. ముందు జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాయించండి. ఐఐటీలో సీటు వస్తే మంచి పరికరాలు అందుబాటులో ఉంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. అక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినా నెట్‌కి అడ్డేమీ లేదు.

డబ్బు సంగతి కూడా చెబుతాను. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ). పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టొచ్చు. అచ్చంగా ఈ కణాల మీదే ఉద్యోగాలు తక్కువ, ఆ మాట దాచను. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, దానికి తొందర లేదు. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఇప్పటినుంచే పాత పేపర్లు ముందేసుకుని కూర్చోమనండి.