డెంగీ జ్వరంలో ఏ మాత్ర వేయాలి? ఏది వేయకూడదు?

ప్రశ్న: మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. నిన్నటి నుంచి మా ఆరేళ్ల బాబుకీ జ్వరం, ఒళ్లు నొప్పులు. బరువు 20 కిలోలు. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ పట్టిస్తే జ్వరం దిగింది. సీసా మీద మెఫినమిక్ యాసిడ్, పారాసెటమాల్ అని ఉంది. డెంగీలో అది ప్రమాదమంటున్నారు, నిజమేనా? స్టెంట్ వేయించుకున్న మా మామగారు రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. ఆయనకు జ్వరమొస్తే మానెయ్యాలా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: నిజమేనమ్మా. డెంగీ కాదని తేలేదాకా ఆ సిరప్ ఆపేయండి. ఒకటి రెండుసార్లు పట్టించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. కానీ సీసా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. డెంగీ అవునో కాదో తేల్చడానికి, జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష పనికొస్తుంది.

డెంగీలో రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. మెఫినమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మిగిలిన ప్లేట్‌లెట్లనూ సరిగా పనిచెయ్యనివ్వవు. పైగా ఇవి ప్రొస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ అవే. అందుకే కడుపులో రక్తస్రావం, కిడ్నీలు దెబ్బతినడం. డైక్లోఫెనాక్ సూది అసలే వద్దు, గుచ్చిన చోట కండలోనే రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు.

బాబుకు పారాసెటమాల్ ఒక్కటే ఉన్న సిరప్ చాలు. కిలోకు 10–15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదుకు 200–300 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే రకమైతే 5 మిల్లీలీటర్లు, 120 ఉండే రకమైతే 10. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు దాటొద్దు. చెంచాతో కాదు, సీసాతో వచ్చే కొలత మూతతోనే పొయ్యండి. చాలా జలుబు మందుల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే మోతాదు మించి లివర్‌కు ముప్పు. ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరినీళ్లు మాటిమాటికీ పట్టించండి.

జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండకండి. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గే వేళే డెంగీ ముదిరేది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగత, ఆరు గంటలు మూత్రం రాకపోవడం – వీటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మామగారి ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకండి. దాని ప్రభావం ప్లేట్‌లెట్ల మీద 7–10 రోజులుంటుంది కనుక ఈరోజు మానినా వెంటనే పోదు. స్టెంట్ కొత్తదైతే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. జ్వరమొచ్చిన రోజే గుండె డాక్టరుకు ఫోన్ చేసి, స్టెంట్ వేసిన తేదీ, ప్లేట్‌లెట్ల సంఖ్య చెప్పండి. ఆపాలో కొనసాగించాలో ఆయనే చెబుతారు.