ఒంటరితనం మీద తీసిన సినిమాలు 'ఎక్కాలంటే' ఎక్కడ మొదలుపెట్టాలి?

'లావెంచురా' (1960) అనే ఇటాలియన్ సినిమా చూసి, అందులో తప్పిపోయిన ఆనా చివరికి కూడా దొరకలేదు, ఇలాంటి సినిమాలు నాకు ఎక్కవేమో అని మీరు అన్నారు. ఎక్కుతాయండి, మీరు మొదలుపెట్టిందే కాస్త కష్టమైన సినిమా. దర్శకుడు ఆంటోనియోని ఆ చిక్కుముడిని కావాలనే విప్పడు. వెతకడానికి వెళ్లిన ప్రియుడు, స్నేహితురాలు ఆమెను ఎంత తొందరగా మర్చిపోతున్నారో చూడమంటాడు. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టండి.

ముందు విమ్ వెండర్స్ 'పారిస్, టెక్సస్' (1984) చూడండి. ఎడారిలోంచి నడిచొచ్చిన ట్రావిస్ చాలాసేపు నోరే విప్పడు. కథ కదలట్లేదని టెన్షన్ పడకండి, అతని నడక, చూపు గమనిస్తే చాలు. చివర్లో, విడిపోయిన భార్యాభర్తలు ఒకవైపు నుంచే కనిపించే అద్దానికి చెరోవైపు కూర్చుని ఫోన్‌లో మాట్లాడుకుంటారు. ఆమెకు అతను కనిపించడు. అతనికి ఆమె కనిపిస్తుంది, అయినా కుర్చీ అటు తిప్పుకుంటే గానీ అసలు విషయం చెప్పలేకపోతాడు. మనుషుల మధ్య దూరాన్ని ఇంత సూటిగా చూపిన సీను నాకు ఇంకొకటి తెలీదు.

పేరు, గుర్తింపు గురించి కావాలంటే మీరా నాయర్ 'ది నేమ్‌సేక్' (2006) ఉంది. రక్తసంబంధం లేనివాళ్లు ఒక కుటుంబంగా బతికే కథ కావాలంటే కొరియెడా 'షాప్‌లిఫ్టర్స్' (2018). అది మాత్రం ఫోన్ పక్కన పడేసి, ఒకే విడతలో చూడండి.